ఖాళీ అట్టలు

'సాధ్యమే' అని రాసి నేను సంతకం పెట్టిన నివేదికలు పాతిక దాకా ఉంటాయి. వాటిలో ఒకదాని గురించి మాత్రమే రాస్తాను. మిగిలినవన్నీ బాగున్నాయని కాదు. వాటిలో నా తప్పు నా కంటికి కనబడలేదు, అంతే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు దీన్ని చదువుతారని అనుకుంటున్నాను. చదివేవాళ్లలో ఈ పని తెలియనివాళ్లు ఉంటే వాళ్లకోసం కొంచెం చెప్పాలి. ఒక ఆరోగ్య కార్యక్రమాన్ని జిల్లా అంతా పెట్టే ముందు, అది జరిగే పనేనా అని ఒక చిన్నచోట చేసి చూస్తారు. ఫీజిబిలిటీ స్టడీ అంటారు దాన్ని. మందు పనిచేస్తుందా అన్నది అక్కడ ప్రశ్న కాదు. మందు ఇంటికి చేరుతుందా, మనుషులు తీసుకుంటారా, మధ్యలో మానేస్తారా, ఇచ్చే కార్యకర్త ఆ బరువు మోయగలదా, ఇవీ ప్రశ్నలు. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని వద్దనాలి, దేన్ని లెక్కపెట్టాలి, ఆ లెక్క ఎంత వస్తే ముందుకు పోవాలి అన్నది పని మొదలవకముందే కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్లు అదే చేశాను, ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే. రిటైరై మూడేళ్లయింది.

మా ఆఫీసు అరసవల్లిలో ఒక మేడ మీద ఉండేది. కింద పూజసామాన్ల కొట్టు. ఆదివారం ఆఫీసుకి రావలసి వస్తే ఆటోల మధ్య అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. నాతోపాటు ఒక లెక్కల మనిషి ఉండేవాడు, విజయనగరం వాడు. గణాంకాలు అతని పని. నాకన్నా పదేళ్లు చిన్న. నన్ను గురువుగారూ అని పిలిచేవాడు. అందులో సగం గౌరవం, సగం వేళాకోళం. ఏ సగం ఎప్పుడో నాకు తెలిసేది కాదు.

ఆ ఏడాది మాకు వచ్చింది బీపీ మాత్రల పని. బీపీ ఉన్నవాళ్లు నెలనెలా ఆరోగ్య కేంద్రానికి వెళ్లి మాత్రలు తెచ్చుకోవాలి. ఆ రోజు కూలి పోతుంది, ఆటో దొరకదు, రెండు నెలలు వెళ్లి మూడో నెల మానేస్తారు. అలా కాకుండా ఊళ్లోనే ఉండే ఆశా కార్యకర్త పది రోజులకోసారి ఇంటికి వెళ్లి బీపీ చూసి, మాత్రలిచ్చి వస్తే? ఇంత చిన్న ఆలోచన. మంచి ఆలోచనే. ఇప్పటికీ అలాగే అంటాను.

భావనపాడు నుంచి తీరం వెంబడే కొంత దూరం పోతే వచ్చే ఒక జాలరిపేటని ఎంచుకున్నాం. పేరు రాయను. అక్కడి మగవాళ్లలో చాలామంది ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ రేవుల్లో బోట్ల మీద పనికి పోతారు. వేట నిషేధం రోజులకి ఇల్లు చేరతారు. ఆగస్టు రాగానే మళ్లీ బయల్దేరతారు. ఆడవాళ్లు పేటలో ఉండి చేపలు ఎండబెట్టి, గంపలకెత్తుకుని నరసన్నపేట దాకా తీసుకెళ్లి అమ్ముతారు.

నేను స్టడీని మే నుంచి జూలై దాకా పెట్టాను. ఆ నెలల్లో పేట నిండుగా ఉంటుంది, ఏ ఇంటికి వెళ్లినా తలుపు తీసే ఉంటుంది. అప్పటికి అది తెలివైన నిర్ణయంగానే కనబడింది. అందరూ ఇంట్లో ఉన్నారు కాబట్టి అందరి బీపీ చూశాం, మగవాళ్లది కూడా. కొత్త మిషను. పండగకి నిలబడ్డట్టు వరసగా నిలబడ్డారు. చొక్కా చేయి పైకి మడిచి, మిషను చేతిని పట్టుకున్నప్పుడల్లా నవ్వుకున్నారు.

కానీ మగవాళ్లలో బీపీ ఉన్నవాళ్లని మేము చేర్చుకోలేదు. 'ఆరు నెలల్లోగా ఊరు విడిచి వెళ్లే అవకాశం ఉన్నవారిని చేర్చరాదు' అని పత్రంలో ఒక వాక్యం ఉంది. నేను రాసిందే. చేరినవాళ్లు మధ్యలో కనబడకుండా పోతే ఆ లోటు నివేదికలో కనబడుతుంది. లోటు ఎక్కువైతే స్టడీ తప్పినట్టు. అందుకని అలాంటివాళ్లని ముందే వద్దనడం మా పనిలో మామూలు. ఆ వాక్యాన్ని అంతకుముందు పది పత్రాల్లో రాశాను. ఈసారీ పాత పత్రంలోంచి తీసి పెట్టాను.

అందులో ఒకాయన మా మీద కోపగించుకున్నాడు. మనిషి పొడుగు, యాభైకి దగ్గర. అతని భార్య ఎండుచేపలమ్మే ఆవిడ. ఇద్దరికీ బీపీ ఉంది, అతనిది ఆవిడకన్నా ఎక్కువ. బడికెళ్లే కూతురు ఒకతి ఉంది.

"నా బీపీ ఎక్కువంటన్నారు. దాని పేరు రాసినారు, నా పేరు రాయరా? ఇదేటి నాయం?" అన్నాడు.

నేను సర్దిచెప్పాను. మీరు ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి, అక్కడ ఇస్తారు అన్నాను. వెళ్లాడు. ఒక నెలకి ఇచ్చి, పై నెల మళ్లీ రమ్మన్నారు. పై నెలంటే సరే, ఆగస్టు తరవాత నెలలకి అతను గుజరాత్‌లో నడిసముద్రంలో ఉంటాడు. అన్ని నెలలకీ ఒకేసారి ఇవ్వడం వాళ్ల పద్ధతిలో లేదు. ఒకసారి వెళ్లొచ్చి మానేశాడు.

ఇక నేను రాసిన ఇంకో నియమం. పది మాత్రల అట్ట ఇస్తారు. పది రోజుల తరవాత ఆ ఖాళీ అట్ట తిరిగిస్తేనే కొత్త అట్ట. మాత్ర వేసుకున్నారా లేదా అన్నది అడిగితే అందరూ వేసుకున్నామనే అంటారు. ఖాళీ అట్ట అబద్ధం చెప్పదు అనుకున్నాను. వచ్చిన అట్టలన్నీ పోగేసి లెక్కపెట్టడమే మా కొలత. అవి ఇంత శాతం తిరిగొస్తే కార్యక్రమం సాధ్యం, లేకపోతే కాదు.

పేటలో మా పని చేసింది అక్కడి ఆశా కార్యకర్తే. నలభై దాటిన మనిషి. భర్త సముద్రంలోనే పోయాడు. పేటంతా ఆవిడకి వరసలే, ఎవరో ఒకరు అప్ప, ఎవరో ఒకరు బావ. ఎండుచేపలావిడని కూడా అప్పా అనే, అంటే అక్కా అనే పిలిచేది. రెండు కుట్లు వేసిన గుడ్డసంచిలో అట్టలు పోగేసి, పది రోజులకోసారి నేను వెళ్లినప్పుడు నా ముందు బల్ల మీద బోర్లించేది.

జూన్ చివర్లో ఒకసారి అలాగే బోర్లించి, ఊరికే నిలబడింది.

"ఏమ్మా?"

"ఏటీ లేదు సార్. ఇవి మరీ సుబ్బరంగా లేవూ?"

అట్టలు చూశాను. శుభ్రంగానే ఉన్నాయి.

"మా అత్తకి గేస్ బిళ్లలిస్తే ఆ అట్ట వారం రోజులకి సుట్టపొగాకు కంపు కొడతాది సార్. నలిగిపోయి, ఓ పక్క సిరిగిపోయి ఉంటాది. ఇవి సూడండి. పదీ ఒకలాగే ఉన్నాయి. ఒక్క పూటే కూకుని నొక్కీసినట్టున్నాయి."

లెక్కల మనిషి నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నవ్వాడు. "ఇంత బుద్ధిగా మందులేసుకునే ఊరు నేనింతవరకూ చూడలేదు గురువుగారూ. మా ఆవిణ్ణి తీసుకొచ్చి ఇక్కడ దింపేస్తాను. ఆవిడ షుగరు బిళ్ల రోజు విడిచి రోజు మర్చిపోతుంది."

నేనూ నవ్వాను. ఆశా కూడా నవ్వింది, కానీ సంచి మడవలేదు.

"ఇంకోటి సార్. మా అప్పకి బీపీ దిగలేదు. మే నెల్లో ఎంతుందో ఇప్పుడూ అంతే ఉన్నాది. ఇంకో ఇద్దరు ముగ్గురికీ అలాగే."

అప్పుడు నేనన్న మాట నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే అది నేను శిక్షణల్లో వందసార్లు చెప్పిన మాట. "బీపీ దిగిందా లేదా అన్నది ఈ స్టడీ ప్రశ్న కాదమ్మా. అది తరవాత పెద్ద స్టడీలో చూస్తారు. నువ్వు అంకెలు రాస్తూ ఉండు, చాలు."

శాస్త్రం ప్రకారం ఆ మాట సరైనదే. ఇంత తక్కువమందిలో మందు ఫలితం వెతకకూడదు, వెతికితే తప్పుదారి పడతాం. మీకూ అలాగే నేర్పుతారు. నేర్చుకోండి. కానీ ఆ రోజు ఆవిడ నన్ను మందు ఫలితం అడగలేదు. ఒక మనిషి గురించి చెప్పింది. ఆ తేడా నాకు అప్పుడు అందలేదు.

అంకె మరీ ఎక్కువగా ఉంటే డాక్టరు దగ్గరికి పంపాలన్న నియమం కూడా మా పత్రంలో ఉంది. ఎండుచేపలావిణ్ణి పంపాం. డాక్టరు ఆవిడ కార్డు చూశాడు. అట్టలన్నీ తిరిగిచ్చినట్టు ఉంది. మాత్ర వేసుకుంటున్నా దిగలేదంటే మోతాదు చాలడం లేదని ఇంకో రకం మాత్ర కలిపాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయనకి అందిన సమాచారం నా దగ్గర్నుంచి వెళ్లిందే.

జూలై మూడో వారానికి అట్టలు దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. మధ్యలో మానేసినవాళ్లు లేరు. నా ఉద్యోగంలో అంత మంచి లెక్క ఎన్నడూ చూడలేదు. నివేదిక వారంలో రాసేశాను. 'ఇంటివద్ద మాత్రల పంపిణీ ఈ ప్రాంతంలో సాధ్యమే, విస్తరణకు సిఫారసు చేయడమైనది.' సంతకం పెట్టి హైదరాబాదు పంపాను. అక్కడి పెద్దాయన ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం కింద కొట్టు నుంచి అరటిపళ్లు తెప్పించి ఆఫీసులో పంచాను.

నివేదిక పంపిన తరవాత పేటకి వెళ్లి ఫలితం చెప్పి రావడం మా ఆనవాయితీ. ఆగస్టు మొదటి వారంలో వెళ్లాను. ఆ రోజే మగవాళ్లు బయల్దేరుతున్నారని నాకు తెలియదు. రోడ్డు మీద బస్సు నిలబడి ఉంది, పలాసలో రైలెక్కించడానికి. టాపు మీద బియ్యం మూటలు, దుప్పట్లు కడుతున్నారు. నా మాట వినే తీరిక ఎవరికీ లేదు. మిగిలిపోయిన మాత్రల పెట్టె మా జీపులోనే ఉంది, సీలు వేసి. దాన్ని తిరిగి స్టోరుకి అప్పగించాలి.

ఆశా కార్యకర్త నన్ను చూసి పరుగున వచ్చింది. "సార్, మీరొకసారి మా అప్పోలింటికి రండి" అంది. ముఖం బాగాలేదు.

ఇంటి ముందు ఎండుచేపలావిడ భర్త సంచి సర్దుతోంది. అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఒక స్టీలు డబ్బా మూత తీసి ఉంది. అతను ఆ డబ్బా నా వైపు వంచి చూపించాడు.

లోపల మాత్రలు. మూడు నెలల మాత్రలు. అట్టల్లోంచి నొక్కి తీసి పోసినవి. చేపలెండే ఇంట్లో, ఉప్పుగాలికి చెమ్మ పట్టి కింది సగం ముద్దయిపోయింది. తడిసిన సున్నంలా ఉంది. పైనున్నవి పట్టుకుంటే పొడి అవుతున్నాయి. రెండు రకాల మాత్రలు కలిసిపోయి ఏది ఏదో తెలియడం లేదు.

"ఇదేటో అడగండి సార్ దాన్ని" అన్నాడు అతను. "మూణ్నెల్లూ ఏసుకుంటన్నానని నాతో అబద్ధాలాడింది."

ఆవిడ తలెత్తలేదు. సంచిలో తువ్వాలు పెడుతూనే మాట్లాడింది. "అబద్ధమేటి? నీకోసమే కదా తీసినాను. ఆ ఆసుపత్రోలు నీకు ఎనిమిది నెల్ల బిళ్లలిస్తారేటి? నువ్వు ఎల్లి అడిగినావు కదా. ఇచ్చినారేటి?"

"నాకివ్వకపోతే నువ్వు మానీడమేటే? డాక్టరు దగ్గరికి పంపినారు కదా నిన్ను!"

"నానింటికాడుంటాను బాబూ" అంది ఆవిడ, ఈసారి నాతో. "నాకేటన్నా అయితే ఈ ఆశా పిల్లుంది, పేటంతా ఉన్నాది. ఈయన నడిసముద్రంలో పడిపోతే ఎవులు సూస్తారు? ఆ బోటు సేటుకి మన బాస కూడా రాదు."

"మరి అట్టతోనే దాచొచ్చు కదమ్మా, పాడవకుండా ఉండేవి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నేనేమన్నానో నాకు అర్థం కాలేదు.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "అట్ట మీకిచ్చీయాల కదా బాబూ. ఇవ్వకపోతే పై అట్ట ఇవ్వరంట కదా."

ఆశా కార్యకర్త అటు తిరిగి నిలబడింది. వీధిలో ఉన్న ఇళ్ల వైపు చెయ్యి చూపించి, "ఒకలు కాదు సార్. ఈ వరసంతా ఇంతే. నిన్నటినుంచీ మూటలు కడతంటే తెలస్తన్నాది. ఒకలు హార్లిక్స్ సీసాలో పోసినారు. ఒకలు కుంకం బరిణిలో" అంది.

నేను ఖాళీ అట్ట అడక్కుండా ఉంటే ఆ మాత్రలు చెడకుండా అతని సంచిలో చేరేవి. అది కూడా స్టడీ ప్రకారం తప్పే. కానీ ఒక మనిషికైనా మందు అందేది. నా నియమం వల్ల ఆ ఇంట్లో ఇద్దరికీ అందలేదు.

బస్సు హారన్ కొట్టింది. ఆశా నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మీ జీపులో పెట్టె ఉన్నాది కదా సార్. బావకి నాలుగట్టలు ఇచ్చీండి. ఎవుడడుగుతాడు?"

"పేరు లేని మనిషికి ఇవ్వకూడదమ్మా. డాక్టరు రాయాలి."

"నాను బీపీ సూసినాను కదా. మీరూ సూసినారు."

ఆవిడ చెప్పింది నిజమే. నేను డాక్టరుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. హైదరాబాదు పెద్దాయనకి చేశాను. మీటింగులో ఉన్నానని మెసేజి వచ్చింది. అతను సంచి భుజానికి తగిలించుకున్నాడు. భార్య వైపు చూసి, "ఒసే, రేపట్నుంచయినా ఏసుకో. సచ్చిపోతావు" అన్నాడు.

"నువ్వు బేగి ఎక్కు. సీటు ఉండదు" అంది ఆవిడ.

నాకు దొరికింది పది నిమిషాల సమయం. సీలు కొయ్యడానికి జీపులో చాకు ఉంది. అతను బస్సెక్కేదాకా నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నిలబడ్డాను. డాక్టరు చీటీ లేకుండా మందు ఇవ్వకూడదన్నది మంచి నియమం, దాన్ని నేనిప్పుడు కూడా కాదనను. కానీ ఆ పది నిమిషాలూ నన్ను ఆపింది ఆ నియమం కాదని నాకు తెలుసు. తిరిగి అప్పగించాల్సిన పెట్టెలో నాలుగు అట్టలు తగ్గితే ఎందుకు తగ్గాయో నేను రాసివ్వాలి. రాసిస్తే నివేదిక ఎందుకు తప్పో కూడా రాయాలి. వారం కిందటే అరటిపళ్లు పంచాను.

బస్సు వెళ్లిపోయాక ఆవిడతో, రేపే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి మాత్రలు తెచ్చుకోమని, ఇక ఖాళీ అట్టలు ఎవరూ అడగరని, తప్పక వేసుకోమని చెప్పాను. ఆవిడ అలాగే బాబూ అంది. ఆ పేటలో ఇంటికొచ్చిన మనిషి ఏం చెప్పినా అలాగే అంటారు. అది మర్యాద. ఆ సంగతి కూడా నాకు అప్పటికి చాలా ఏళ్లుగా తెలుసు.

ఆఫీసుకొచ్చి లెక్కల మనిషికి చెప్పాను. అతను ఈసారి వేళాకోళమాడలేదు. కంప్యూటరు తెరిచి, మేము చూడకూడదనుకుని పక్కన పెట్టిన బీపీ అంకెల వరసని తీశాడు. ఆశా ప్రతి పది రోజులకీ రాసినవి. మే నుంచి జూలై దాకా పక్కపక్కన పెట్టి చూస్తే చాలామందికి ఏమీ మారలేదు. ఎవరి భర్తలు వలస పోరో, ఆ ఆడవాళ్లకి మాత్రం దిగింది. ఒక కాగితం మీద అచ్చు తీసి, నా బల్ల మీద పెట్టి, టీ తాగొస్తానని కిందికి వెళ్లిపోయాడు. చాలాసేపు రాలేదు.

నేను సవరణ లేఖ రాశాను. మూడు పేజీలు. స్టడీ ఎందుకు తప్పో, ఖాళీ అట్టల లెక్క ఎందుకు చెల్లదో, వలసవెళ్లే మగవాళ్లకి ఎనిమిది నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వకుండా ఆ పేటల్లో ఏ ఆడదీ తన మాత్ర తాను వేసుకోదనీ రాశాను. 'సాధ్యమే' అన్న నా మాటని వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. వారం తరవాత జవాబొచ్చింది. చాలా మర్యాదగా ఉంది. విలువైన క్షేత్ర అనుభవమని, దీన్ని తరవాతి దశలో పరిశీలిస్తామని, నివేదిక ఇప్పటికే ఆమోదం పొందిందని. కార్యక్రమం కొన్ని మండలాల్లో మొదలైంది. ఖాళీ అట్ట ఇస్తేనే కొత్త అట్ట అన్న నియమం అందులో ఉంది. లెక్క చాలా బాగా వస్తోందని విన్నాను.

ఆశా కార్యకర్త మాత్రం నాకు అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. అప్ప ఆరోగ్య కేంద్రానికి వెళ్లిందని, మాత్రలు తెచ్చుకుందని, వేసుకుంటున్నానని చెప్పిందని. "నిజంగా వేసుకుంటోందా?" అని అడిగేవాణ్ణి.

"ఏటో సార్. అడిగితే నవ్వుతాది. మింగినప్పుడు నాను నోట్లో సెయ్యెట్టి సూడలేను కదా."

డిసెంబరులో ఒక ఉదయం నరసన్నపేటలో గంప దింపుతూ ఎండుచేపలావిడ పడిపోయింది. పక్షవాతం. పక్కన కూరగాయలమ్మేవాళ్లు ఆటోలో వేసి శ్రీకాకుళం తీసుకొచ్చారు. ఆశా ఫోన్ చేస్తే నేను పెద్దాసుపత్రికి వెళ్లాను. మంచం పక్కన ఆశా కూర్చుని ఉంది. ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి. కుడిచెయ్యి దుప్పటి మీద పెట్టినచోటే ఉంది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది మాటో కాదో కూడా తెలియదు.

"బావకి ఫోన్ సేసినాం సార్. బోటు లోపలికెల్లిపోనాదంట. రేవుకొచ్చేసరికి ఆరు రోజులట" అంది ఆశా.

నాలుగో రోజు ఆవిడ పోయింది. అతను వచ్చేసరికి అన్నీ అయిపోయాయి.

నేను పేటకి వెళ్లలేదు. వెళ్లాలనుకున్నాను. ఏం చెప్పాలో తేలక వాయిదా వేస్తూ పోయాను. కొన్నాళ్లకి అతనే అరసవల్లి వచ్చాడు. మేడమెట్లెక్కి గుమ్మంలో నిలబడితే మొదట పోల్చుకోలేదు. చిక్కిపోయాడు. గుండు మీద జుట్టు అప్పుడే మొలుస్తోంది. లెక్కల మనిషి కుర్చీ జరిపి బయటికి వెళ్లిపోయాడు.

అతను ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో మాత్రల అట్టలు. నిండు అట్టలు. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఆవిడ ఆరోగ్య కేంద్రం నుంచి తెచ్చుకున్నవి. ఒక్కటీ నొక్కలేదు. రబ్బరుబ్యాండు వేసి, గుడ్డలో చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టిందట, చెమ్మ తగలకుండా.

"ఈసారి పాడవ్వలేదు" అన్నాడు. "వేసవికి నానొస్తే ఇద్దామని దాసింది. మా కూతురు సెప్పింది."

నేను ఒక అట్ట తీసి వెనక్కి తిప్పి చూశాను.

"ఎవులికన్నా పనికొస్తాయేమో అని తెచ్చినాను."

"మీరే వేసుకోండి. డాక్టరుకి ఒకసారి చూపించి..." అన్నాను.

"దానివి నానెలగేసుకుంటాను సార్?"

కవరుని బల్ల మీద నా వైపు జరిపాడు. కింద కొట్లో ఎవరో కొబ్బరికాయలు బేరమాడుతున్నారు. తరవాత అతను మెల్లగా అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు. "ఒక్కటి సెప్పండి. అప్పుడు నా పేరెందుకు రాయలేదు?"

అతనికి అబద్ధం చెప్పదలచుకోలేదు. మధ్యలో వెళ్లిపోయేవాళ్లు ఉంటే మా లెక్క చెడుతుందని, లెక్క చెడితే మొత్తం పని ఆగిపోతుందేమోనని భయపడి, అందుకని ముందే అలాంటివాళ్లని తీసేశామని చెప్పాను. తీసేశామని అనలేదు, తీసేశానని అన్నాను. ఆ వాక్యం నేను రాసిందేనని చెప్పాను.

అతను శ్రద్ధగా విన్నాడు. బుర్ర ఊపాడు. "మేం ఎల్లిపోతామని" అన్నాడు, సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుంటున్నట్టు.

"అవును."

"ఇప్పుడు నాను ఎల్లను సార్. ఇంటికాడ ఇంకెవులూ లేరు. కూతుర్ని ఒగ్గీసి ఎల్లలేను. ఇక్కడే నాటుపడవ మీద పనుంది."

అలా అని, చొక్కా కుడిచెయ్యి మోచేతి పైదాకా మడిచి, ఆ చేతిని నా బల్ల మీద చాపి పెట్టాడు. అరచెయ్యి పైకి తిప్పి, కదలకుండా. బీపీ చూసేటప్పుడు మాట్లాడకూడదని మేము నేర్పాం కాబట్టి మాట్లాడకుండా కూర్చున్నాడు.

స్టడీ ముగిసి అయిదు నెలలైంది. మిషన్లన్నీ హైదరాబాదు పంపేశాం. పేర్లు రాసే పుస్తకం మూసేసి సీలు వేశాం. ఆఫీసులో అతని బీపీ చూడగలిగేది ఏదీ లేదు. ఆ మాట చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. అంతసేపూ అతను చెయ్యి తియ్యలేదు.